క్లావేను చేత్తో కొట్టి చూశాకే రాయండి

యువమిత్రులకు నమస్కారం.

క్యూబా గాయని సెలియా క్రూజ్ 2001లో వెలువరించిన ‘లా నెగ్రా తియెనె తుంబావో’ ఆల్బం మీద మీరు రాసిన వ్యాసం చేరింది. ఒకచోట ఆమె గొంతు లయకు వెంట్రుకవాసి వెనకగా నడుస్తుందని రాశారు. అది మీ చెవి విన్న సంగతి, బాగుంది. మిగిలిన వ్యాసం రాయడానికి మాత్రం ఆ పాటలు వినవలసిన అవసరం ఎవరికీ లేదు.

‘సంప్రదాయానికీ ఆధునికతకూ మధ్య వారధి’ అన్నమాట మీకు బాగా నచ్చినట్టుంది, పేరా మారినప్పుడల్లా కనిపించింది. వారధి కట్టాలంటే అటూ ఇటూ ఒడ్డు ఉండాలి కదా. క్యూబా సంగీతంలో మీరు సంప్రదాయం అంటున్న ఆ ఒడ్డు ఎక్కడుందో చూపించండి. తూర్పు క్యూబాలో పుట్టి హవానా చేరిన ‘సోన్’ అనే బాణీలోనే స్పెయిన్ నుంచి వచ్చిన తంత్రీవాద్యాలూ, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల డప్పులూ కలిసి ఉన్నాయి. 1920లలో ఆ బృందాలలో ట్రంపెట్ చేరింది. 1940లలో అర్సెనియో రోద్రిగెజ్ అనే అంధ వాద్యకారుడు అదే సోన్‌లోకి కాంగా అనే పొడుగాటి డప్పును, పియానోను, మరిన్ని ట్రంపెట్లను తెచ్చాడు. సెలియా 1950లో చేరిన సోనోరా మతాన్సేరా బృందం ఆ తరం ధ్వనిలోనే పేరు తెచ్చుకుంది. 1974లో ఆమె న్యూయార్క్‌లో బృందనాయకుడు జానీ పచేకోతో కలిసి చేసిన ‘సెలియా ఇ జానీ’ ఆల్బంను అప్పటివాళ్లు కొత్త సల్సాగా విన్నారు, మీరేమో దాన్ని పాత సంప్రదాయం కింద జమకట్టారు. కాబట్టి 2001లో నిర్మాత సెర్జియో జార్జ్ టైటిల్ పాటలోకి ర్యాప్‌ను, రెగె ఛాయను తేవడం మీరు రాసినట్టు ‘విప్లవం’ కాదు. ఆ సంగీతానికి అది పాత అలవాటు. ఇన్ని వచ్చి చేరుతున్నా కదలకుండా ఉన్నది ఏమిటో మీరు అడగవలసింది. మీ వ్యాసం ఆ ప్రశ్న దగ్గరికే రాలేదు.

నన్నడిగితే ఆ కదలనిది క్లావే. మీరు దాన్ని ‘మన ఆదితాళం లాంటిదే’ అని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఈ ఉత్తరం రాయించింది ఆ వాక్యమే. ఎనిమిది అక్షరాల ఆదితాళం వేసే చెయ్యి లెక్క చూపిస్తుంది, ఆ లెక్కలో మృదంగం తనకు నచ్చిన నడకలన్నీ వాయించుకోవచ్చు. క్లావే అంత స్వేచ్ఛ ఇవ్వదు. అది రెండు కర్రలు తాటించి కొట్టే లయ, ఒకవైపు మూడు, ఇంకోవైపు రెండుగా పడే అయిదు దెబ్బల వరస. పియానో ఎక్కడ ఒత్తాలో, బాస్ ఎక్కడ తప్పుకోవాలో, గాయని మాట ఎక్కడ విరవాలో ఆ వరసే నిర్ణయిస్తుంది. చాలా సల్సా పాటల్లో ఆ రెండు కర్రల చప్పుడు వినపడనే వినపడదు. అయినా అందరూ దానికి లోబడే వాయిస్తారు, పాట దాన్ని అడ్డంగా దాటితే తెలిసినవాళ్లు వెంటనే మొహం చిట్లిస్తారు. మీకు ఆదితాళం వచ్చు కాబట్టి ఒక పని చేయండి. తాళం వేస్తూ ఎవరిచేతనైనా క్లావే కొట్టించండి. మొదటి దెబ్బ సమంలో పడుతుంది, రెండోది రెండో అక్షరం దాటి అర అక్షరానికి, మూడోది నాలుగో అక్షరం మీద, చివరి రెండూ ఆరో అక్షరం మీద, ఏడో అక్షరం మీద. ఆ రెండో దెబ్బ దగ్గర మీ చెయ్యి తడబడుతుంది. వ్యాసం అక్కడ మొదలుపెట్టండి.

నేను ఈ సంగీతం మీద రాయడం మొదలుపెట్టిన రోజుల్లో ఈ రికార్డులు మన దగ్గర దొరికేవి కావు. ఎవరో విదేశం నుంచి తెచ్చిన క్యాసెట్టుకు నకలు నా చేతికి వచ్చింది, దాని మీద పాటల పేర్లు కూడా లేవు. స్పానిష్ రాదు, ఆమె జీవితకథ తెలియదు, అడగడానికి మనిషి లేడు. రాయడానికి నాకు లయ ఒక్కటే మిగిలింది. ఇంట్లోవాళ్లు విసుక్కునేలా బల్ల మీద కొట్టుకుంటూ కూర్చుని, విన్నది విన్నట్టు ఒక వ్యాసం రాసి ఒక ఆదివారం అనుబంధానికి పంపాను. ఆ సంపాదకుడు క్లావే గురించిన భాగమంతా కొట్టేసి, ‘పాఠకులకు కావలసింది కన్నీళ్లు’ అని కబురు చేశాడు. 1960లో సెలియా క్యూబా విడిచి వెళ్లింది, 1962లో తల్లి పోతే అంత్యక్రియలకు కూడా రానివ్వలేదు. ఆ దుఃఖం నిజమైనదే, కానీ అది ప్రతి వ్యాసంలోనూ పాట బదులు అచ్చవుతోంది. మీరు కూడా ఒక పేజీ నిండా దాన్నే రాశారు. ఇప్పుడు కన్నీళ్ల పక్కన ‘ఫ్యూజన్’ కూడా చేరింది. ఏ రెండు వాద్యాలు ఒకచోట కనిపించినా ఆ మాట వేసేసి, వినే శ్రమ తప్పించుకోవడం ఇప్పటి మర్యాద అయిపోయింది.

కాబట్టి టైటిల్ పాట మళ్లీ వినండి. ర్యాప్ వచ్చినప్పుడు పియానో ఆగుతుందా, సన్నబడుతుందా, తన వరస తాను వాయిస్తూనే ఉంటుందా? బృందగానం ఒక వాక్యాన్ని పట్టుకుని తిరుగుతుంటే, మధ్య ఖాళీల్లో ఆమె అప్పటికప్పుడు అల్లే పంక్తులు క్లావే మూడు దెబ్బల వైపు మొదలవుతున్నాయా, రెండు దెబ్బల వైపా? ఆ జవాబుల్లోంచే పాతా కొత్తా ఎలా కుదిరాయో పాఠకుడికి తెలుస్తుంది. మీ విశేషణాల వల్ల తెలియదు.

వ్యాసం ఏ పత్రికకు పంపాలని అడిగారు. దానికి ఇంకా సమయం ఉంది. ముందు 1974 నాటి ఆ ఆల్బంలోని ‘కింబారా’ పాట, ఆ వెంటనే 2001 నాటి టైటిల్ పాట పెట్టుకుని, 75 ఏళ్లు దాటిన ఆ గొంతు తాను ఒకప్పుడు పరుగెత్తిన చోట ఇప్పుడు ఏం చేస్తున్నదో, ఆ ఒక్క విషయమే రెండు పేజీలు రాసి పంపండి. గ్రామీ, లాటిన్ గ్రామీ వచ్చాయన్న పేరా మాత్రం అందులో కనిపించకూడదు.