మిరపచేలో నోడ్లు పెట్టబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

బావ మిరపచేలో నేల తేమ కొలిచే నోడ్లు, అంటే సెన్సరూ రేడియో బ్యాటరీ ఉన్న చిన్న పెట్టెలు పెట్టి, అవి ఒకదాని నుంచి మరొకటి కబురు అందుకుంటూ గట్టు మీద ఆ కబుర్లన్నీ పోగుచేసే గేట్‌వేకు చేర్చేలా ఏర్పాటు చేస్తున్నావని మీ అమ్మ చెప్పగానే పొంగిపోయాను. వెంటనే, బ్యాటరీలు మార్చడానికి చీకటిపడ్డాక పాములున్న ఆ చేలోకి దిగుతావేమోనని దిగులూ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరమంతా బ్యాటరీ గురించే.

పెట్టెల్లోకి నీరు దిగకుండా చూసుకో. యాంటెన్నాలను మొక్కలకన్నా ఎత్తులో కట్టు.

చాలా ఏళ్ల క్రితం ఒక బృందం తమ ప్రయోగం చూడమని నన్ను పిలిచింది. వాళ్లు కబురు పంపాల్సి వచ్చినప్పుడే దారి వెతుక్కునే ఏఓడీవీ అనే పద్ధతిని, మిగిలిన బ్యాటరీని బట్టి దారి ఎంచుకునే మరో పద్ధతిని కంప్యూటర్ సిమ్యులేటర్‌లో నెలల తరబడి పోల్చి, రెండోదే మేలని తేల్చుకుని వచ్చారు. తీరా చేలో ఏ పద్ధతి పెట్టినా నోడ్లన్నీ వారం తిరక్కుండానే దాదాపు ఒకేసారి ఆగిపోయాయి. సెల్లులు నాసిరకమని కొట్టువాడిని తిట్టి కొత్తవి వేశారు, మళ్లీ అంతే. ప్యాకెట్, అంటే ఒక్కో కబురు, పంపడానికయ్యే ఖర్చునే లెక్కగట్టి, ఎవరైనా పిలుస్తారేమోనని రేడియో ఊరికే వింటూ ఉండే సమయానికి వాళ్లు సున్నా వేశారు. వాళ్లు వాడిన సీసీ 2420 రేడియో పూర్తి శక్తితో పంపేటప్పుడు 17.4 మిల్లీయాంపియర్లు తీసుకుంటే, వినేటప్పుడు 18.8 తీసుకుంటుంది. 2,500 మిల్లీయాంపియర్ అవర్ల సెల్లులు ఆ లెక్కన 133 గంటలు, అంటే అయిదున్నర రోజులు వస్తాయి. ఊరక వినడం కూడా ఖరీదేనని 1990లలోనే కొలిచి ప్రచురించారు. చదివే ఓపిక ఉండాలి కదా!

కాబట్టి ముందు రేడియోను నిద్రపుచ్చు. అప్పుడప్పుడు క్షణకాలం మేలుకుని, అలికిడి లేకపోతే మళ్లీ పడుకునే పద్ధతిలో 1 శాతం సమయమే మెలకువగా ఉంటే, ఆ అయిదున్నర రోజులు కాగితం మీద ఏడాదిన్నర అవుతాయి. ప్రాసెసర్, సెన్సర్ల వాటా పోయినా పంటకాలం గట్టెక్కుతావు.

కబురుకు దారి ఎంచే రౌటింగ్ విలువ ఆ తర్వాతే తెలుస్తుంది. నీరంతా ఒకే తూము గుండా పోయినట్లు అన్ని ప్యాకెట్లూ గేట్‌వే పక్కనున్న నోడ్ మీదుగానే పోతాయి. అది ఆగిందంటే వెనకున్నవి బ్యాటరీ నిండుగా ఉండి కూడా మూగబోతాయి. అక్కడ అదనంగా రెండు మూడు నోడ్లు పెట్టి బరువు పంచు. తక్కువ హాప్‌ల, అంటే తక్కువ అంగల దారే మంచిదనుకోకు. అంగ పెద్దదై, దూరపు లింకులో ప్యాకెట్లు పోతే పంపిందే మళ్లీ పంపాలి. 2012లో ప్రమాణంగా వెలువడిన ఆర్‌పీఎల్ అనే రౌటింగ్ పద్ధతిలో లింకు నాణ్యతనూ, నోడ్‌లో మిగిలిన శక్తినీ కొలమానాలుగా పెట్టుకునే వీలుంది. అయితే బ్యాటరీ కాస్త తగ్గినప్పుడల్లా దారి మారనివ్వకు, ఆ మార్పు కబుర్లు మోయడానికే శక్తి హరించుకుపోతుంది.

ప్రతి నోడ్ తేమతోపాటు తన వోల్టేజీని కూడా పంపేలా రాయి తల్లీ, అప్పుడు ఏది నీరసిస్తోందో ముందే తెలిసి పగటిపూట బావను వెంటబెట్టుకుని వెళ్లవచ్చు. ఒంటరిగా రాత్రి దిగావని విన్నానో, ప్రాజెక్టే మాన్పించేస్తాను.

చేలోకి తీసుకెళ్లే ముందు ఒక నోడ్‌ను బల్ల మీద పెట్టి, మేలుకున్నప్పుడూ నిద్రలోనూ ఎంత కరెంటు లాగుతుందో మల్టీమీటరుతో కొలిచి, ఆ రెండు అంకెలూ నాకు పంపు.

మీ మామయ్య