కెన్యాలో అందరికంటే ఎక్కువ ఓట్లొస్తే అధ్యక్షుడు అయిపోతారా?

ఆఫ్రికా దేశాల్లో ఎన్నికల పద్ధతి ఎలా ఉంటుందని, ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే గెలుస్తారా అని అడిగారు. 54 దేశాలకు కలిపి ఒకే జవాబు చెప్పలేం. దక్షిణాఫ్రికాలో ప్రజలు పార్టీలకు ఓటేస్తారు, 400 మంది సభ్యుల పార్లమెంటు దిగువ సభ అధ్యక్షుణ్ణి ఎన్నుకుంటుంది. నైజీరియాలో అందరికంటే ఎక్కువ ఓట్లు రావాలి, దాంతో పాటు మూడింట రెండు వంతుల రాష్ట్రాల్లో 25% చొప్పున రావాలి. 2023లో అక్కడ అధ్యక్ష అభ్యర్థి బోలా తినుబు దాదాపు 37% ఓట్లతోనే గెలిచారు. కెన్యా పద్ధతి ఈ రెండింటికంటే బిగువైనది, కాబట్టి దాన్నే వివరంగా చెబుతాను.

2010 రాజ్యాంగం ప్రకారం అక్కడ గెలవాలంటే రెండు షరతులు. చెల్లిన ఓట్లలో సగానికి పైగా రావాలి. 47 కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) కనీసం 24 చోట్ల 25% తగ్గకుండా రావాలి. ఏ ఒక్క తెగకూ సొంతంగా మెజారిటీ లేని దేశం అది. ఒక్క ప్రాంతాన్నే నమ్ముకున్న నాయకుడు గద్దెనెక్కకూడదన్నది రెండో షరతు ఉద్దేశం. ఎవరూ ఈ గీత దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య 30 రోజుల్లోగా మళ్లీ పోలింగ్. 2022లో గెలిచిన విలియం రూటోకు 71,76,141 ఓట్లు (50.49%) వచ్చాయి. సగం గీతను ఆయన దాటింది సుమారు 70 వేల ఓట్లతోనే. అందుకే అక్కడ ఒక్కో పోలింగ్ కేంద్రం లెక్కకూ అంత విలువ.

ఆ రోజు ఓటరు చేతికి ఆరు బ్యాలెట్లు ఇస్తారు: అధ్యక్షుడు, కౌంటీ గవర్నర్, సెనేటర్, ఎంపీ, కౌంటీ మహిళా ప్రతినిధి, కౌంటీ అసెంబ్లీ సభ్యుడు. వేలిముద్ర చూసే ట్యాబ్ లాంటి కిట్‌తో ఓటరును గుర్తిస్తారు.

అసలు కీలకం లెక్కింపులో ఉంది. మన దగ్గర ఈవీఎంలు స్ట్రాంగ్ రూముకు వెళ్లి, ఇంకోరోజు కౌంటింగ్ కేంద్రంలో తెరుచుకుంటాయి. కెన్యాలో పెట్టె కదలకముందే, పోలింగ్ జరిగిన గదిలోనే లెక్కపెడతారు. అధ్యక్ష బ్యాలెట్లదే మొదటి వంతు. ప్రిసైడింగ్ ఆఫీసర్ ఒక్కో కాగితం ఎత్తి ఏజెంట్లకు చూపించి పేరు చదువుతారు. మొత్తాలు ఫారం 34ఎ మీద రాసి, ఏజెంట్లతో సంతకాలు చేయించి, ఒక ప్రతి తలుపుకు అంటించి, ఫొటోను కిట్ ద్వారా నైరోబీకి పంపుతారు. నియోజకవర్గంలో 34ఎలన్నీ కలిపితే 34బి. దేశం మొత్తానికి 34సి. ఒక ఏజెంటు సంతకం చేయనంత మాత్రాన ఫలితం చెల్లకుండా పోదు, కారణం రాయాలి.

ఇబ్బంది ఎక్కడొస్తుందంటే, అంకెలు ఫారం కంటే ముందే చేరినప్పుడు. 2017 ఆగస్టులో అప్పటి అధ్యక్షుడు ఉహురు కేన్యట్టాకు 14 లక్షలకు పైగా ఆధిక్యం ప్రకటించారు. అంత తేడా ఉన్నా సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది. 34ఎలన్నీ చేతికి రాకముందే ఫలితం ప్రకటించడం, కొన్ని ఫారాలపై భద్రతా గుర్తులు లేకపోవడం, సర్వర్లు చూపించమన్న ఆదేశాన్ని ఎన్నికల సంఘం పూర్తిగా పాటించకపోవడం కోర్టు తప్పుపట్టిన వాటిలో ఉన్నాయి. నెట్‌వర్క్ అందని కేంద్రాలు వేలల్లో ఉన్నాయన్న వాదన నిలవలేదు. సిగ్నల్ ఉన్నచోటికి వెళ్లి పంపే ఏర్పాటు ముందే చేసుకోవాల్సిన పని కదా! అక్టోబర్ 26న మళ్లీ పోలింగ్ పెట్టారు, ప్రతిపక్షం బహిష్కరించింది.

ఫలితంపై పిటిషన్ వేయడానికి గడువు 7 రోజులు, కోర్టు తేల్చడానికి 14 రోజులు. ఈ గడువు మరీ తక్కువని నా అభిప్రాయం. 46 వేలకు పైగా కేంద్రాల ఫారాలను రెండు వారాల్లో సరిచూడటం ఏ లాయర్ల బృందానికైనా కష్టం.

2022లో 34ఎ ఫొటోలన్నీ వెబ్‌సైట్లో అందరికీ తెరిచారు. అది మంచి మార్పు. కానీ ఒక్కో టీవీ ఛానల్ ఒక్కో వరుసలో కూడటంతో ఒకే సాయంత్రం ఒకచోట రూటో ముందుంటే, మరోచోట ఆయన ప్రత్యర్థి ఒడింగా ముందున్నారు. 2027 ఆగస్టులో ఫలితాలు చూసేటప్పుడు శాతం ఎంతని కాకుండా, ఎన్ని కేంద్రాల ఫారాలు కలిపారు, ఏ కౌంటీలవి ఇంకా మిగిలాయన్నది ముందు చూడండి.