పిల్లల ఎమర్జెన్సీలో తల్లిదండ్రుల పక్కన నిలబడే నర్సు కావాలంటే

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడాది. పిల్లల ఎమర్జెన్సీలో పనిచేస్తూ, అక్కడికొచ్చే తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడంలో ప్రత్యేక శిక్షణ తీసుకుంటానంటోంది. అలాంటి కోర్సు ఉందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ఈ ఒక్క పనికంటూ మన దగ్గర విడిగా డిగ్రీ లేదు. అమెరికాలో చైల్డ్ లైఫ్ స్పెషలిస్టు అని వేరే ఉద్యోగమే ఉంది. ఇక్కడ ఆ బరువు నర్సు మీదే పడుతుంది. కాబట్టి ముందు చికిత్స పని చేతికి రావాలి. మానిటర్ మీద అంకె ఎందుకు పడిపోయిందో తనకే తెలియని నర్సు ఆ తల్లికేం చెబుతుంది?

డిగ్రీ కాగానే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్, ఆ తర్వాత పిల్లల ఐసీయూలోనో క్యాజువాల్టీలోనో కనీసం ఏడాది డ్యూటీ చేయాలి. చైల్డ్ హెల్త్‌లో రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్‌కూ ఏడాది అనుభవం అడుగుతారు. ఈలోగా ప్రాణాపాయంలో ఉన్న పిల్లలకు చేసే అత్యవసర చికిత్స నేర్పే పాల్స్ (PALS) కోర్సు, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారిది, చేయించండి. కార్డు 2 ఏళ్లే చెల్లుతుంది.

ఇక మీ అమ్మాయి అడిగిన సంగతి. బిడ్డకు సీపీఆర్ చేస్తున్నప్పుడు ఒక నర్సును చికిత్స నుంచి పూర్తిగా తప్పించి తల్లిదండ్రులకే కేటాయించాలి. మందులు అందిస్తూ మధ్యమధ్యలో మాట్లాడదామంటే రెండూ చెడతాయి. లోపలికి తీసుకెళ్లే ముందే అర నిమిషంలో చెప్పేయాలి: "నోట్లో గొట్టం ఉంటుంది, ఛాతీ మీద గట్టిగా నొక్కుతుంటారు, రక్తం ఆడడానికే." చెప్పకపోతే, ఛాతీ మూడో వంతు లోపలికి దిగేలా నిమిషానికి 100–120 సార్లు నొక్కడం చూసి బిడ్డను చంపేస్తున్నారని గోల పెడతారు. ఎక్కడ నిలబడాలో చూపించి, కుర్చీ దగ్గర పెట్టాలి. రానన్నవాళ్లను బలవంతపెట్టకూడదు.

కొత్తవాళ్లు దెబ్బతినేది మాటల దగ్గరే. "ఏం కాదులేమ్మా" అనేస్తారు, తర్వాత ఆ తల్లిదండ్రులు ఆ మాటే పట్టుకుని నిలదీస్తారు. బిడ్డ దక్కకపోతే ఆ కబురు డాక్టరే చెప్పాలి, నర్సు పక్కనుండాలి. "మా చేతుల్లో లేదు" అంటే పెద్దాసుపత్రికి తీసుకెళ్లమంటున్నారనుకుని అంబులెన్సు కోసం పరుగెత్తే వాళ్లుంటారు. బిడ్డ పేరు పెట్టి "చనిపోయాడు" అనే అనాలి. డాక్టరు వెళ్లిపోయాక కూడా నర్సు అక్కడే ఉండిపోవాలి.

ఇది చదివితే వచ్చేది కాదు. కాలేజీ ల్యాబ్‌లో బొమ్మ మీద సీపీఆర్ సాధన చేసేటప్పుడే ఒకరిని ఏడ్చే తల్లిగా, ఒకరిని కేకలేసే మేనమామగా నిలబెట్టమని మేడమ్‌ను అడగమనండి. పది నిమిషాలు నటన, ఇరవై నిమిషాలు ఏ మాట ఎక్కడ బెడిసిందో చర్చ. రేపు ఇంటర్వ్యూలో కూడా అడగమనండి: సీపీఆర్ జరుగుతుంటే తల్లిదండ్రులను రానిస్తారా, వాళ్ల పక్కన ఎవరుంటారు? "సెక్యూరిటీ వాళ్లు చూసుకుంటారు" అంటే ఇంకో ఆసుపత్రి చూసుకోవడం మంచిది.