నీ కథలో మూడేళ్ళవాడికి ముప్పై ఏళ్ళు

అనంతపురం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రాత్రి చదివాను. కోపం తగ్గుతుందేమోనని పొద్దున మళ్ళీ చదివాను. తగ్గలేదు. తండ్రి బెంగళూరుకు కూలికి పోతూ బస్సెక్కుతుంటే మూడేళ్ళ పిల్లవాడు "బోర్లే నిలవలేదు, మనుషులెలా నిలుస్తారు నాన్నా" అంటాడా? ఆ మాట నీది. చెప్పాలని ఉంటే నువ్వే చెప్పు, వాడి నోట పలికించకు.

పసివాడంటే తెలివి తక్కువైన పెద్దవాడు కాదు. వాడు ఆలోచించే తీరే వేరు. స్విట్జర్లాండ్ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ పియాజే (1896-1980) జీవితమంతా దీని చుట్టే తిరిగాడు. ఎంతమంది పిల్లలు సరైన జవాబు చెప్పారన్నదానికన్నా, తప్పు జవాబు ఎందుకు చెప్పారన్నదే ఆయనకు ముఖ్యం. అది చూడటానికి మనకు ప్రయోగశాల అక్కరలేదు, గుప్పెడు శనక్కాయలు చాలు. నాలుగేళ్ళ పిల్ల ముందు ఆరేసి కాయలు రెండు వరసలుగా, ఎదురెదురుగా పేర్చు. సమానమే అంటుంది. తను చూస్తుండగానే ఒక వరసను ఎడంగా జరుపు. ఇప్పుడు పొడుగు వరసే ఎక్కువంటుంది. మా పక్కింటి పిల్ల అయితే వేలు పెట్టి లెక్కించింది, రెండూ ఆరే అని ఒప్పుకుంది, "అయినా ఇవే ఎక్కువ" అంటూ పొడుగు వరసను ఒళ్ళో పోసుకుంది. కథ అక్కడుంది.

ఇక నీ మూడో పేజీ. బియ్యం డబ్బాలోని డబ్బును తల్లి ట్రంకుపెట్టెలోకి మార్చడం పిల్లవాడు చూశాడు, తండ్రి చూడలేదు. తండ్రి డబ్బాలోనే వెతుకుతాడని వాడు ముందే ఊహించి నవ్వుకున్నాడని రాశావు. 1983లో విమ్మర్, పెర్నర్ అనే పరిశోధకులు ఇలాంటి కథే పిల్లలకు చెప్పారు. ఒక అబ్బాయి చాక్లెట్ ఒక అలమరలో పెట్టి వెళతాడు, వాళ్ళమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. అబ్బాయి వచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళవాళ్ళు సాధారణంగా చాక్లెట్ ఇప్పుడున్న చోటే చూపిస్తారు. తమకు తెలిసింది ఎదుటివాళ్ళకు తెలియకపోవచ్చన్న సంగతి నాలుగైదేళ్ళకు గాని పట్టుబడదు. కాబట్టి మీ వాడు నవ్వుకోడు. తండ్రి డబ్బా మూత తీస్తుంటే "పెట్టెలో ఉంది కదా" అనేస్తాడు. అప్పుడు ఆ తల్లి ముఖం చూడు! దాన్ని వదిలేసి వేదాంతం రాశావు.

ఇది నీకెవరు నేర్పారో నాకు తెలుసు. కరువు కథ చివర పిల్లవాడు ఒక గొప్ప మాట అనాలి, పోటీలో బహుమతి రావాలి. వయసులో ఉండగా నేను రాసిన ఒక కథలో అయిదేళ్ళ పిల్ల, బస్సు కిటికీలోంచి చూస్తూ, "చంద్రుడు మన వెంటే వస్తున్నాడు, కదిరిలో దిగుతాడా" అంటుంది. ఒక వారపత్రిక సంపాదకుడు అది కొట్టేసి, "చంద్రుడికీ సొంత ఊరు లేదా అమ్మా" అని తన సరుకు దూర్చి అచ్చువేశాడు. పాఠకులు ఆ ముక్కనే మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చంద్రుడు తమ వెంట నడుస్తాడని పిల్లలు నమ్మడం పియాజే కూడా నమోదు చేశాడని తరువాత చదివాను. తీసుకుపోయి చూపిద్దామంటే ఆ సంపాదకుడు అప్పటికే ఉద్యోగం మారాడు.

తండ్రి పాత చెప్పులు వాడు దిండు కింద పెట్టుకున్న వాక్యాన్ని మాత్రం ముట్టుకోకు.

కలం పేరు సంగతీ, ఏ పత్రికకు పంపాలన్న సంగతీ తరువాత. ముందు మూడో పేజీ తిరగరాసి పంపు. పిల్లవాడి వయసు అయిదుకు పెంచి తప్పించుకుందామని చూడకు. ఆ బస్సు దగ్గరి మాట అయిదేళ్ళవాడూ అనడు.