‘ఢీకొట్టాడు’ అని రాసేముందు

అమ్మాయీ,

నీ రచన అందింది. ‘మృత్యువుతో పందెం’ అని పేరు పెట్టావు. ముందు ఆ పేరు కొట్టెయ్. పాతికేళ్లు జిల్లా డెస్కులో కూర్చుని ‘మృత్యుశకటం’, ‘రక్తమోడిన రహదారి’, ‘అతివేగం తీసిన ప్రాణం’ అంటూ రోజుకో హెడ్డింగు పెట్టినవాణ్ని నేను. ఆ మాటల జబ్బేమిటో నాకు తెలుసు. అవి ఏ ప్రమాదానికైనా అతుకుతాయి. చనిపోయినవాడు ఎవడైనా వాటికి ఒకటే.

పేరు సంగతి అలా ఉంచు. పట్టుకున్న విషయం మాత్రం గట్టిది. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో చదువుకుంటూ, దగ్గర్లోనే ఉన్న కెనన్‌డేగ్వా కార్ల రేసుల మట్టి ట్రాక్‌కి ఒక శనివారం సరదాగా వెళ్లావు. 2014 ఆగస్టు 9 రాత్రి ఇదే ట్రాక్ మీద కెవిన్ వార్డ్ జూనియర్ అనే 20 ఏళ్ల కుర్రాడు చనిపోయాడని పక్క సీట్లో పెద్దాయన చెబితే విన్నావు. గదికి వచ్చి రాయడం మొదలుపెట్టావు. మొదటి రెండు పేజీలు హాయిగా చదివాను. మూడో పేజీలో ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: ‘టోనీ స్టీవర్ట్ తన కారుతో కెవిన్‌ను ఢీకొట్టి చంపాడు.’

ఈ ఉత్తరమంతా ఆ ఒక్క వాక్యం గురించే.

మన క్రియాపదాలు చాలా చెడ్డవమ్మా. ‘ఢీకొట్టాడు’ అంటే మనిషి చేసిన పని. ‘ఢీకొంది’ అంటే కారు చేసిన పని. ‘తగిలింది’ అంటే ఎవరి పనీ కాదు, అలా జరిగిపోయింది. ‘గుద్దేశాడు’ అన్నావా, ఆ ‘ఏశాడు’లో కసి కూడా ఉంది. కోర్టు నెలల తరబడి ఆలోచించే సంగతిని మనం వాక్యం చివర ఒక్క ప్రత్యయంతో తేల్చేస్తాం. అదీ మనకు తెలియకుండానే.

ఆ రాత్రి ఏం జరిగిందో వరసగా చెప్పుకుందాం. అది స్ప్రింట్ కార్ల రేసు, అంటే మట్టి ట్రాక్ మీద పరిగెత్తే చిన్న, తేలికైన రేసు కార్లు. స్టీవర్ట్ అప్పటికే మూడుసార్లు, 2002, 2005, 2011లో, అమెరికా కార్ల రేసుల్లో పెద్ద పోటీ అయిన నాస్‌కార్ కప్ చాంపియన్. వయసు 43. మర్నాడు వాట్కిన్స్ గ్లెన్‌లో కప్ రేసు పెట్టుకుని, ముందురోజు రాత్రి ఈ చిన్న ట్రాక్‌కి వచ్చాడు. ఏడాది కింద అయోవాలో ఇలాంటి కారులోనే కాలు విరగ్గొట్టుకుని మిగతా సీజనంతా ఇంట్లో కూర్చున్నవాడు, అయినా మానలేదు. వార్డ్‌ది అదే న్యూయార్క్ రాష్ట్రంలో పోర్ట్ లీడెన్ అనే చిన్న ఊరు. అక్కడి స్ప్రింట్ కార్ల సిరీస్‌లో 2012లో ఉత్తమ కొత్త డ్రైవర్‌గా పేరు తెచ్చుకున్నాడు.

మలుపులో ఇద్దరూ పక్కపక్కన వెళ్తుండగా వార్డ్ కారు బయటి గోడకు తగిలింది, టైరు పోయి ఆగిపోయింది. పసుపు లైట్లు వెలిగాయి. అలా వెలిగితే మిగతా కార్లు నెమ్మదిస్తాయి, ఆగవు. వార్డ్ కారు దిగి ట్రాక్ మీద కిందికి నడుచుకుంటూ వచ్చాడు, వేలు చూపిస్తూ. వేసుకున్నది నల్ల రేసింగ్ సూటు. ముందొచ్చిన కారు అతన్ని తప్పించుకుని వెళ్లింది. తర్వాత వచ్చిన స్టీవర్ట్ కారు కుడివైపు వెనక టైరు అతనికి తగిలింది.

చూశావా, ‘తగిలింది’ అనే రాశాను. ఇదీ పూర్తిగా నిర్దోషి మాటేం కాదు, కొంచెం స్టీవర్ట్ వైపు ఒరుగుతుంది. ఒరుగుతుందని తెలిసే వాడాను. తెలిసి వాడటమే కావాల్సింది.

ఒక ప్రేక్షకుడు తీసిన వీడియో తెల్లారేసరికి ప్రపంచమంతా తిరిగింది. అందులో ఆ క్షణాన ఇంజిన్ గట్టిగా అరవడం వినిపిస్తుంది. ‘కావాలనే గ్యాస్ (యాక్సిలరేటర్) తొక్కాడు’ అని సగం లోకం తీర్పు చెప్పేసింది. నువ్వూ ఆ శబ్దాన్నే పట్టుకుని ‘పగతో గర్జించిన ఇంజిన్’ అని రాశావు. వాక్యం బాగుంది. కానీ ఇంజిన్‌కి పగ ఉండదు, అక్కడ నువ్వు చెప్పేది మనిషి పగ గురించి. అది నీకెలా తెలిసింది?

స్ప్రింట్ కారు అంటే ఏమిటో కాస్త తవ్వితే ఈ ఇబ్బంది వచ్చేది కాదు. దానికి క్లచ్ లేదు, స్టార్టర్ లేదు. వెనక నుంచి ట్రక్కుతో నెట్టి స్టార్ట్ చేస్తారు. కుడి వెనక టైరు ఎడమ దానికన్నా పెద్దది, అందుకే కారు తనంతట తానే ఎడమకు లాగుతుంది. మట్టి మీద మలుపు తిరగాలంటే స్టీరింగ్ ఒక్కటే చాలదు. గ్యాస్ తొక్కితే వెనక చక్రాలు జారతాయి, ఆ జారుడుతోనే కారు ముఖం తిరుగుతుంది. అంటే డ్రైవర్ కుడికాలు కూడా సగం స్టీరింగే. ఒక మనిషిని గుద్దాలన్నా గ్యాస్ తొక్కాలి, తప్పించాలన్నా గ్యాసే తొక్కాలి. బయట కూర్చున్నవాడికి రెండూ ఒకే చప్పుడు.

ఇక కళ్ల సంగతి. కారు నెత్తిన పెద్ద రెక్క, దానికి రెండు పక్కలా నిలువు పలకలు. ముందు కార్లు ఎగజిమ్మే మట్టి వచ్చి హెల్మెట్ అద్దం మీద పడుతూనే ఉంటుంది. అందుకే అద్దం మీద పల్చటి ప్లాస్టిక్ పొరలు ఒకదాని మీద ఒకటి అంటించుకుంటారు. మట్టి పట్టగానే ఒక పొర చింపి పారేస్తారు. ఆ పొరలు నీ షూస్‌కి అంటుకున్నాయని మొదటి పేజీలో రాశావే, బంగారం లాంటి వివరం! కానీ దాన్ని అక్కడే వదిలేశావు. మూడో పేజీలో ఆ డ్రైవర్ కళ్ల ముందు ఎన్ని పొరల మట్టి ఉందో పాఠకుడు తలచుకోవాలంటే అక్కడ దానికి పని పడాలి.

నా మీద నాకే కోపం వచ్చే సంగతి ఒకటి చెబుతాను. డెస్కులో చేరిన కొత్తల్లో ఒక రాత్రి లారీ, ఆటో ప్రమాదం. లారీ డ్రైవర్ కూడా చనిపోయాడు. పేజీ వెళ్లిపోయే టైము. ఫోన్‌లో అవతలి మనిషి ‘నిద్రమత్తు అయ్యుంటుందండీ’ అన్నాడు. నేను ‘డ్రైవర్ నిద్రమత్తే కారణం’ అని కొట్టి పంపాను. ‘అయ్యుంటుంది’ ఎక్కడ ఎగిరిపోయిందో ఇప్పటికీ గుర్తులేదు. మూడో రోజు ఆయన భార్య ఆఫీసుకు వచ్చింది. చేతిలో ఆ పేపరు నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆ వాక్యం కింద నీలం పెన్నుతో గీత. ఆమెకు చదవడం రాదు, కొడుకు చదివి గీత గీసిచ్చాడట. నన్ను తిట్టలేదు. ‘నిద్రపోయాడని మీరు చూశారా బాబూ?’ అని మాత్రం అడిగింది. తర్వాత బండి చూసినవాళ్లు స్టీరింగ్ రాడ్డు విరిగిందని తేల్చారు. లోపలి పేజీలో నాలుగు లైన్ల సవరణ వేశాం. అది ఆమె కొడుకు చదివాడో లేదో.

నువ్వు రాసే మనుషులు తెలుగు చదవరు కదా అనుకోవచ్చు. నేనూ ఆ లారీ డ్రైవర్ ఇంట్లో పేపరు చదవరనే అనుకున్నాను.

మళ్లీ కెవిన్ దగ్గరికి వద్దాం. అదే ఏడాది సెప్టెంబరు 24న గ్రాండ్ జ్యూరీ, అంటే కేసు పెట్టాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, స్టీవర్ట్ మీద ఏ నేరారోపణా అక్కర్లేదని తేల్చింది. వార్డ్ రక్తంలో గంజాయి ఆనవాళ్లు ఉన్నాయని, అవి వివేకాన్ని దెబ్బతీసే స్థాయిలో ఉన్నాయని అదే రోజు జిల్లా అటార్నీ, అంటే అక్కడి ప్రభుత్వ న్యాయవాది, చెప్పాడు. కుటుంబం మరుసటి ఏడాది సివిల్ దావా వేసింది, 2018లో రాజీతో అది ముగిసింది. నువ్వు గంజాయి ముక్కను తెచ్చి రెండో పేరాలో పెట్టావు. అక్కడ పెడితే కుర్రాడు కారు దిగక ముందే వాడి మీద ముద్ర పడిపోతుంది. పూర్తిగా తీసేస్తే దాచినట్టు అవుతుంది. లోకానికి అది ఎప్పుడు తెలిసిందో అప్పుడే పాఠకుడికీ తెలియనీ, అంటే ఆరున్నర వారాల తర్వాత. అప్పటికి పాఠకుడు ఆ పిల్లవాణ్ని మనిషిగా చూసి ఉంటాడు.

ఒకటి మాత్రం నువ్వు పూర్తిగా వదిలేశావు. నా దృష్టిలో నీ రచనకు వెన్నెముక అదే. ‘ఇంత పిచ్చిగా ట్రాక్ మీదికి ఎవరైనా దిగుతారా’ అని రాశావు. దిగుతారమ్మా, దిగి చప్పట్లు కూడా కొట్టించుకున్నారు. 2012 ఆగస్టులో బ్రిస్టల్ ట్రాక్‌లో మాట్ కెన్సెత్ అనే ఇంకో డ్రైవర్‌తో గొడవై కారు పాడైతే, దిగి నిలబడి, అతని కారు దగ్గరికి వచ్చేదాకా కాచుకుని, రెండు చేతులతో హెల్మెట్ విసిరికొట్టింది ఎవరనుకున్నావ్? ఇదే స్టీవర్ట్. జనం కేరింతలు కొట్టారు. ఆ కోపం ఆ ఆటలో ఒక ముచ్చట. పెద్దవాళ్లు చేసి పేరు తెచ్చుకున్న పనే 20 ఏళ్లవాడు చీకట్లో, నల్ల సూటుతో, మట్టి మీద చేశాడు. వార్డ్ పోయిన ఆరు రోజులకు, ఆగస్టు 15న, నాస్‌కార్ రూలు పెట్టింది: మంటలు, పొగ లాంటి ప్రమాదం లేకపోతే సిబ్బంది వచ్చి చెప్పేదాకా కారు దిగకూడదని. ఈ రెండు ఆగస్టులనూ పక్కపక్కన పెట్టు చాలు. నీ అభిప్రాయం ఒక్క ముక్క కూడా రాయక్కర్లేదు.

చిన్న విషయం. ఆ ట్రాక్‌ను భీమవరం కోడిపందాల బరితో పోల్చావు. మనవాళ్లకు అర్థం కావాలని చేశావని తెలుసు. కానీ ఆ పోలిక రాగానే పాఠకుడు కెనన్‌డేగ్వా వదిలేసి సంక్రాంతికి వెళ్లిపోతాడు. కోడికి కత్తి కట్టేది వేరేవాడు. ఇక్కడ ఎవరి కారు వాళ్లే ఎక్కారు. తీసెయ్.

స్టీవర్ట్ ఆ తర్వాత మూడు కప్ రేసులకు రాలేదని నువ్వు రాసింది సరైనదే, ఉంచు. ‘పశ్చాత్తాపంతో కుమిలిపోయాడు’ అనేది నీ ఊహ, అది వద్దు. రాలేదు అన్నచోట ఆపు.

రెండోసారి రాసేటప్పుడు రేసుకు ముందు ట్యాంకర్ నీళ్లు కొట్టడం, కార్లు తిరిగి తిరిగి ఆ బురదను అణచడం ఇంకాస్త రాయి. నువ్వు కళ్లారా చూసింది అది. ఎంతసేపు తిరిగాయి? నీళ్లు కొట్టిన మట్టి లైట్ల కింద ఏ రంగులో కనబడింది? నల్ల సూటు వేసుకున్న మనిషి ఆ రంగు మీద ఎంత దూరం నుంచి కనబడతాడు? ఆ పక్కసీటు పెద్దాయన 2014లో అక్కడే ఉన్నాడో లేదో నువ్వు అడగలేదు. ఈ సీజన్లో వీలైతే మళ్లీ వెళ్లి అడుగు. జనం రాకముందే వెళ్లు, పొరలు చింపిపడేసిన చోటు కూడా చూసిరా.

టైపు చేసి పంపు, ఫోన్‌లో ఫొటోలు తీసి పంపితే నా కళ్లకు ఆనడం లేదు.

నీ బాబాయ్