డైవింగ్ అయ్యాక కొండెక్కకు అమ్మడూ

అమ్మడూ,

మీ అమ్మ ఫోన్ చేసి ఒకటే గోల. "నీ మేనకోడలు ఈజిప్టు వెళ్తుందంట, ఎర్ర సముద్రంలో మునుగుతుందంట, చిన్నప్పట్నుంచి జెడ్డా కబుర్లు చెప్పి చెప్పి దాన్ని నువ్వే పాడుచేశావు, ఇప్పుడు నువ్వే ఆపు" అంది. ఆపనక్కా అని చెప్పేశా. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదే. మన ఇంట్లో ఆడపిల్లల్ని గోదావరి రేవులో మోకాళ్ళ లోతు దాటి దిగనిచ్చేవాళ్ళు కాదు, మీ అమ్మకి ఇప్పటికీ ఈత రాదు. అలాంటి ఇంట్లోంచి ఒక పిల్ల కర్ణాటక నేత్రాణి దీవిలో ఓపెన్ వాటర్ అనే మొదటి డైవింగ్ కోర్సు చేసి, అండమాన్లో అడ్వాన్స్‌డ్ చేసి, సొంత జీతం దాచుకుని ఈజిప్టులో దహబ్ అనే డైవింగ్ ఊరికి బయల్దేరుతోందంటే నాకు ఎంత గర్వంగా ఉందో నీకు ఎలా చెప్పాలో తెలీట్లేదు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన ప్లాన్ మొత్తం కళ్ళజోడు పెట్టుకుని చదివా. బాగా రాశావు. ఆఖరి డైవ్‌కీ షర్మ్ ఎల్ షేక్ నుంచి ఎక్కే విమానానికీ మధ్య 24 గంటలు పైనే గ్యాప్ పెట్టావు చూడు, అది చూసి మా పిల్లకి బుర్ర ఉంది అనుకున్నా. తర్వాత ఆ గ్యాప్‌లో ఏం పెట్టావో చదివాను. ఈ ఉత్తరం అసలు దాని గురించే, కానీ మిగతావి ముందు చెప్పేస్తాను, లేకపోతే ఆ గొడవలో పడి మర్చిపోతా.

వీసా, పాస్‌పోర్ట్ కాపీలు, సర్టిఫికేషన్ కార్డు నీకు నేను చెప్పక్కర్లేదు. ఇన్సూరెన్స్ మాత్రం మామూలు ట్రావెల్ పాలసీ తీసుకుని ఊరుకోకు, డైవింగ్‌కి కవర్ అవుతుందా, ఎన్ని మీటర్ల వరకు అవుతుందా చదువు, డాన్ అని డైవర్లకి సాయం చేసే సంస్థ ఉంది, వాళ్ళది విడిగా తీసుకుంటే ఇంకా మంచిది. మాస్క్ నీ మొహానికి సరిపోయేది ఇక్కణ్ణుంచే పట్టుకెళ్ళు. జలుబు చేస్తే దిగకు, డబ్బులు పోతే పోయాయి, చెవి పోతే రాదు.

డిసెంబర్ కదా, నీళ్ళు 22, 23 డిగ్రీలు ఉంటాయి. ఎడారి పక్కన సముద్రం కాబట్టి వేడిగా ఉంటుందని పల్చటి సూట్ అడగొద్దు, 5 మిల్లీమీటర్లది అడుగు. పైకొచ్చాక దహబ్ గాలి కొడుతుంది చూడు, ఆ తడి సూట్‌లో పళ్ళు కొట్టుకుంటాయి, ఒక జాకెట్ ఒడ్డునే ఉంచుకో. ఇంకోటి, ఆ సముద్రానికి ఉప్పెక్కువ. దాన్లో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ కలవదు, పైన ఎండ, చుట్టూ ఎడారి, నీరు ఆవిరైపోవడమే తప్ప మంచినీళ్ళు వచ్చి చేరడం లేదు. మామూలు సముద్రంలో లీటరుకి 35 గ్రాముల ఉప్పుంటే అక్కడ 40 దాకా ఉంటుంది. జెడ్డాలో నేను పనిచేసింది ఆ నీళ్ళని తాగేనీళ్ళు చేసే ప్లాంట్‌లోనే కదా, ఆ ఉప్పు పైపుల్ని ఎలా తినేస్తుందో రోజూ చూసేవాణ్ణి. నీకు అది ఎందుకంటే, అండమాన్లో నడుముకి పెట్టుకున్న సీసం వెయిట్లతో అక్కడ మునగవు, పైగా సూట్ కూడా మందం. మొదటి డైవ్ లైట్‌హౌస్ అనే చోట తేలికైనదే పెట్టుకుని అక్కడే వెయిట్ చెక్ చేసుకో. ట్యాంక్ ఖాళీ అయ్యేకొద్దీ ఇంకా తేలిపోతావు, అప్పుడు పైకొచ్చే ముందు 5 మీటర్ల దగ్గర కాసేపు ఆగే సేఫ్టీ స్టాప్‌లో నిలబడలేక జారి పైకొచ్చేస్తావు, కాబట్టి చివర్లో నిలబడేంత బరువుండాలి.

నది లేదు అన్నాను కదా, అందుకే బురదా లేదు, నీళ్ళు అద్దంలా ఉంటాయి. మొదటిసారి జెడ్డా పక్కన ఒభుర్ దగ్గర తల ముంచి చూసినప్పుడు నాకు నోట్లోంచి గాలి పీల్చే రెగ్యులేటర్ జారిపోయినంత పనైంది. మన కాకినాడ బీచ్‌లో చెయ్యి ముంచితే చెయ్యి కనపడదు, అక్కడ ముప్పై మీటర్ల అవతల ఈదే చేప కనపడుతోంది, నారింజ రంగు చిన్న చేపలు, ఆంథియాస్ అంటారు, వందలకొద్దీ పగడాల మీద ఊగుతున్నాయి, వెనక్కి తిరిగి ఒడ్డు చూస్తే గడ్డిపరక కూడా లేని గోధుమరంగు నేల. పైన ఏమీ బతకనట్టుండే చోట కింద అంత బతుకుంది. నువ్వు చూసేటప్పటికి నీకూ అలాగే అవుతుంది, అవ్వాలి కూడా.

కానీ ఆ అద్దం లాంటి నీళ్ళే మోసం చేస్తాయి. పైన వెలుతురు అలాగే కనపడుతుంటుంది కాబట్టి 30 మీటర్లు కూడా పదిలా అనిపిస్తుంది. నీ లిస్టులో బ్లూ హోల్ ఉంది, ఒడ్డు పక్కనే సముద్రంలో ఉండే నిలువు గొయ్యి. దాని లోతు వంద మీటర్ల చిల్లర, బయటి సముద్రంలోకి వెళ్ళే రాతి కమాను, ఆర్చ్ అంటారు, 55 మీటర్ల దగ్గర ఉంటుంది. దాన్ని మామూలు ట్యాంక్‌తో దాటొచ్చులే అనుకుని పోయినవాళ్ళ పేర్లు ఒడ్డున రాతికి పలకలుగా కొట్టి ఉంటాయి. దిగేముందు వాటి దగ్గర కాసేపు నిలబడి పేర్లు, వయసులు చదువు, చాలామంది నీ ఈడువాళ్ళే. నువ్వు రాసుకున్న దారి సరైనదే, బెల్స్ దగ్గర ఆ ఇరుకు పగులులోంచి దిగి, గోడ పక్కనే వచ్చి, పైనున్న జీను లాంటి రాతి గట్టు మీంచి హోల్ లోపలికి. నీ కార్డు 30 వరకే, బెల్స్‌లోంచి బయటికొచ్చే చోటే దాదాపు అంత లోతు ఉంటుంది, అక్కణ్ణుంచి పైకే తప్ప కిందకి చూడకు. గైడ్ "ఇంకొంచెం" అన్నా సరే.

మీ అమ్మ భయమంతా షార్కులే. దహబ్ ఒడ్డున నీకు షార్క్ కనపడితే అదృష్టం అని చెప్పా, నమ్మలేదు. నువ్వు చూసుకోవాల్సింది కాళ్ళ కింద. ఒడ్డునుంచి నడిచి దిగుతారు అక్కడ, రాయిలాగే పడుంటుంది స్టోన్‌ఫిష్, మందపాటి అడుగున్న బూట్లు లేకుండా ఒక్క అడుగు వెయ్యొద్దు. కుడితే భరించగలిగినంత వేడి నీళ్ళలో కాలు పెట్టి నేరుగా ఆస్పత్రికే. దేన్నీ ముట్టుకోకు, పగడం విరిచి తెచ్చుకోవడం అక్కడ నేరం కూడా.

ఇప్పుడు అసలు సంగతి.

నీ ప్లాన్లో ఐదో రోజు పొద్దున బెల్స్, మధ్యాహ్నం కాన్యన్ అనే చోట ఇంకో డైవ్, రాత్రి పదకొండింటికి వ్యాన్ ఎక్కి కొండ కింద సెయింట్ కేథరిన్ ఊరు, అర్ధరాత్రి నడక, తెల్లారేసరికి సినాయ్ కొండ మీద సూర్యోదయం. మర్నాడు సాయంత్రం విమానం. విమానానికి ఇరవైనాలుగు గంటలు ఆగుతున్నావు సరే, కొండ మాటేంటే? ఆ కొండ ఎత్తు 2,285 మీటర్లు. విమానంలో క్యాబిన్ గాలి ఒత్తిడి ఎలా ఉంచుతారో తెలుసా, దాదాపు 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉండేంత. అంటే నువ్వు విమానానికి కనీసం పద్దెనిమిది గంటలు ఆగాలని చదువుకుని, పది పన్నెండు గంటలకే కాళ్ళతో నడిచి విమానం క్యాబిన్‌లో ఉన్నంత ఎత్తు ఎక్కుతున్నావు.

జెడ్డాలో మా రూమ్మేట్ కథ నీకు ఎప్పుడూ చెప్పలేదు, మీ అమ్మ వింటుందని. శ్రీకాకుళం వైపు మనిషి, నాకంటే చిన్నవాడు, నాకంటే మంచి డైవర్. అప్పట్లో సౌదీలో వీకెండ్ అంటే గురు, శుక్రవారాలు. మార్చి నెల, తాయిఫ్‌లో గులాబీల సీజన్, అందరం కలిసి తాయిఫ్ వెళ్దాం అనుకున్నాం. నాకు గురువారం పొద్దున ప్లాంట్‌లో షిఫ్టు, వాడు మాత్రం ఉదయాన్నే వెళ్ళి రెండు డైవ్‌లు చేసొచ్చాడు. తప్పుగా ఏమీ చెయ్యలేదమ్మా, అది నువ్వు బాగా గుర్తుపెట్టుకోవాలి. లోతు లిమిట్‌లోనే, మెల్లగానే పైకొచ్చాడు, స్టాప్ చేశాడు. మధ్యాహ్నం కారెక్కినప్పుడు చేతికి వాచీలా ఉండే డైవ్ కంప్యూటర్‌లో చిన్న విమానం బొమ్మ వెలుగుతోంది, ఇంకా విమానం ఎక్కకూడదు అని. నేనే అడిగా ఏంట్రా ఆ బొమ్మ అని. "మనం విమానం ఎక్కట్లేదుగా, కారేగా" అన్నాడు. నాకూ సబబుగానే అనిపించింది.

మక్కా లోపలికి మనల్ని రానివ్వరు కాబట్టి పక్కనున్న బైపాస్ పట్టుకుని, అల్ హదా ఘాట్ ఎక్కాం. మెలికలు మెలికలుగా ఎక్కుతూనే ఉంటుంది ఆ రోడ్డు, పక్కన గోడల మీద కోతులు, కిందకి చూస్తే కళ్ళు తిరుగుతాయి. సగం ఎక్కేసరికి వాడు మోచెయ్యి నొక్కుకోవడం మొదలెట్టాడు. ట్యాంకులు మోశా కదా అన్నాడు. పైన 1,800 మీటర్లు దాటి ఉంటుంది తాయిఫ్, చల్లగా హాయిగా ఉంది, గులాబీలు చూశాం, కబ్సా తిన్నాం, వాడు సరిగ్గా తినలేదు. పొట్ట మీద దురదలు, ఎర్రటి మచ్చలు. ఎండకి అన్నాడు. పెయిన్ కిల్లర్ వేసుకుని పడుకున్నాడు. రాత్రి రెండింటికి నన్ను లేపి "అన్నా, నా కాళ్ళు నావి కాదన్నట్టు ఉన్నాయి, బాత్రూంకి వెళ్తే మూత్రం రావట్లేదు" అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది.

గోళీ సోడా కొట్టగానే బుస్సుమని నురగ వస్తుంది చూడు, అదే ఒంట్లో జరుగుతుంది. నీళ్ళలో 20 మీటర్లు దిగితే ఒత్తిడి మూడింతలు, ఆ ఒత్తిడికి నైట్రోజన్ రక్తంలో, కండలో, నరాల్లో కరిగి కూర్చుంటుంది. పైకొచ్చినా మొత్తం పోదు, ఊపిరి ద్వారా గంటలకొద్దీ మెల్లమెల్లగా బయటికి పోతూనే ఉంటుంది. అది పోకముందే ఇంకా పల్చటి గాలిలోకి ఎక్కితే, మిగిలింది బుడగలవుతుంది. సినాయ్ కొండ మీద ఒత్తిడి సముద్రం ఒడ్డున ఉండేదాన్లో దాదాపు ముప్పావు వంతే. పైగా నువ్వు కారులో కూర్చోవు, రాత్రంతా మెట్లెక్కుతావు, డైవ్ అయ్యాక ఒళ్ళు అలిసేలా కష్టపడితే బుడగలు ఇంకా ఎక్కువ వస్తాయి.

రాత్రికి రాత్రే దింపాం. జెడ్డాలో మొదట వెళ్ళిన ఆస్పత్రిలో డ్యూటీ డాక్టరు నడుం పట్టిందని ఇంజెక్షన్ ఇచ్చి పంపేయబోయాడు. వీడికి డైవింగ్ నేర్పిన ఫిలిప్పీన్స్ ఇన్‌స్ట్రక్టర్‌కి ఫోన్ చేస్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, డైవ్ తర్వాత ఎక్కడికి వెళ్ళారు. తాయిఫ్ అనగానే కాసేపు మాట్లాడలేదు. ఆక్సిజన్ పెట్టించి ఇంకో ఆస్పత్రిలో గాలి ఒత్తిడి పెంచే చాంబర్‌లో వేయించింది ఆయనే. చాలా రోజులు చాంబర్ ట్రీట్‌మెంట్ నడిచింది. బతికాడు, నడుస్తున్నాడు, ఇద్దరు పిల్లలు. ఎడమ పాదంలో మాత్రం స్పర్శ పూర్తిగా రాలేదు, చెప్పు జారిపోయినా తెలీదు వాడికి. మళ్ళీ సముద్రంలో దిగలేదు.

అందుకే నేను లోతుకి భయపడను, డైవ్ అయ్యాక ఎత్తుకి భయపడతాను. నీ ప్లాన్ తిప్పెయ్యి. దిగిన మర్నాటి రాత్రే సినాయ్ వెళ్ళు, వెచ్చటి బట్టలు తీసుకెళ్ళు, పైన గడ్డకట్టే చలి. కొండ దిగొచ్చి ఒక రోజంతా నిద్రపో, అలసటతో నీళ్ళలో దిగొద్దు. తర్వాత వరసగా డైవింగ్. థిసిల్‌గార్మ్ చూస్తాను అన్నావు కదా, 1941లో బాంబులు పడి మునిగిన ఓడ, లోపల ఇంకా మోటార్ సైకిళ్ళు, లారీలు ఉన్నాయట, నేను చూడాలని చూడాలని చూడలేకపోయాను. అడుగు 30 మీటర్లు, కరెంట్ ఉంటుంది, దాన్ని మధ్య రోజు పెట్టుకో, ఆఖరి రోజుకి మిగల్చకు. ఆఖరి రోజు బ్లూ హోల్ దగ్గర్నుంచి ఒడ్డు వెంటే ఒంటె మీద రస్ అబూ గాలూమ్ వెళ్ళు, అంతా సముద్రమట్టమే, బెదూయిన్ల టీ తాగు, పైపైన స్నార్కెలింగ్ చేసుకో. కారులో ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు డైవ్ సెంటర్ వాళ్ళని ఆ దారి ఎంత ఎత్తు ఎక్కుతుందో అడుగు, 300 మీటర్లు దాటినా లెక్కలోకి వస్తుంది.

ఇంకొక్క మాట, కోపంగానే చెప్తున్నా. నొప్పి దాచే అలవాటు నీకు చిన్నప్పట్నుంచి ఉంది, సైకిల్ మీంచి పడి చెయ్యి విరిగితే రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు నువ్వు. అక్కడ అలా చెయ్యకు. డైవ్ తర్వాత కీలు నొప్పి, తిమ్మిరి, మచ్చలు, ఎప్పుడూ లేని నీరసం, ఏది వచ్చినా ట్యాంకులు మోశా, ఎండకి, నిద్ర చాల్లేదు అని నీకు నువ్వు సర్దిచెప్పుకోకు, వెంటనే చెప్పు, ఆక్సిజన్ అడుగు. షర్మ్‌లో చాంబర్ ఉంది, ఆ నంబరు మొదటి రోజే ఫోన్లో వేసుకో, పక్కమనిషికీ ఇవ్వు. ఏమీ లేకపోతే ఏమీ లేదని తేలుతుంది, ఎవరూ నవ్వరు, నవ్వితే నాకు ఫోన్ కలుపు.

ఈ ఆదివారంలోపు కొత్త ప్లాన్ రాసి పంపు. అందులో ఆఖరి డైవ్ ఎన్నింటికి అవుతుందో, కొండ ఏ రోజో, విమానం ఎన్నింటికో మూడూ ఉండాలి. అవి చూశాకే టికెట్ డబ్బుల్లో నా వాటా పంపిస్తా.

మీ మామయ్య