హసల్ (hustle) అంటే పొగడ్తా, తిట్టా?

"మా మేనేజరు 'ఐ లైక్ యువర్ హసల్' అన్నాడు. నిఘంటువు తీస్తే మోసం అని కూడా ఉంది. నన్ను మెచ్చుకున్నాడా, తిట్టాడా?" అని అడిగారు. మెచ్చుకున్నాడండీ, టెన్షన్ పడకండి. ఎవరూ చెప్పకముందే మీరు పని అందుకుంటున్నారని ఆయన ఉద్దేశం.

ఈ మాటతో నేనూ తికమకపడ్డాను. ఒహాయోలో, సిన్సినాటి దగ్గర ఉన్నప్పుడు మావాణ్ని బేస్‌బాల్‌లో చేర్పించాం. మొదటి రోజే కోచ్ "హసల్! హసల్!" అని ఒకటే అరుపులు. నాకు అప్పటికి తెలిసిన అర్థం ఒక్కటే. పూల్ బల్ల దగ్గర ఆట రానట్టు నటించి, ఎదుటివాణ్ని పందెంలోకి దింపి, జేబు ఖాళీ చేసేవాడు హసలర్. పిల్లలకు ఇదేం పాఠంరా బాబూ అనుకున్నా. పక్కన కూర్చున్న ఒక పెద్దాయన నవ్వి, "ఈ ఊళ్లో ఉంటూ పీట్ రోజ్ తెలీదా?" అన్నారు.

రోజ్ సిన్సినాటి రెడ్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆటగాడు. 1963లో జట్టులోకి కొత్తగా వచ్చినప్పుడు, నడిచి వెళ్తే సరిపోయే సందర్భంలోనూ మొదటి బేస్‌కు (బ్యాటు పట్టినవాడు ముందుగా చేరాల్సిన చోటు) పరుగెత్తేవాడట. అది చూసి న్యూయార్క్ యాంకీస్ అనే మరో జట్టువాళ్లు వెటకారంగా 'చార్లీ హసల్' అన్నారు. ఆ వెటకారమే బిరుదైపోయింది. మొత్తం 4,256 హిట్లు కొట్టాడు, అమెరికాలోని అగ్రశ్రేణి బేస్‌బాల్ పోటీ మేజర్ లీగ్‌లో అదే రికార్డు. తీరా 1989లో బెట్టింగు వ్యవహారంలో ఆట నుంచి బహిష్కరించారు. మీ నిఘంటువులోని రెండు అర్థాలూ ఒక్క మనిషిలోనే ఉన్నాయన్నమాట!

అసలు ఇది డచ్ నుంచి వచ్చిన మాట, కుదపడం అని అర్థం. టోపీలో నాణేలు వేసి కుదిపి ఆడే పాత ఆటను ఇంగ్లీషులో 'హసల్ క్యాప్' అనేవారు. మనం గవ్వలు చేతిలో కుదిపి వేసినట్టే. కుదపడం కాస్తా తోయడమైంది, తోపులాట కాస్తా హడావుడి అయింది. పోలీసులు ఒకణ్ని గబగబా నెట్టుకుంటూ బండెక్కించినా హసలే. మా వీధిలో ఒకావిడ వారమంతా ఆఫీసు చేసి, శని ఆదివారాలు సున్నుండలు చుట్టి అమ్మేవారు. అది సైడ్ హసల్. మీ మేనేజరన్న అర్థానికి 'కిందామీదా పడి పని చేయడం' దగ్గరగా ఉంటుంది, 'సందడి' కాదు.

ఇంకోటి. స్పెల్లింగులో టీ ఉన్నా పలకదు, హస్టిల్ అనకండి. హ్యాసల్ (hassle) వేరే మాట, అది తలనొప్పి వ్యవహారం. ఒకసారి బిల్లులో తప్పు దొర్లితే క్లయింటుకు "సారీ ఫర్ ద హ్యాసల్" అని రాయబోయి 'హసల్' అని రాశాను. "మోసం చేశానని ఇంత నిజాయితీగా ఒప్పుకున్నవాణ్ని ఇప్పుడే చూస్తున్నా" అని జవాబొచ్చింది.